ఎంత దొరికింది, ఎంత పూరించాం?

గ్రీసు దేశపు క్రీట్ దీవిలోని క్నోసోస్‌లో 1900లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ తవ్వకాలు మొదలుపెట్టాడు. మూడున్నర వేల ఏళ్ళు దాటిన రాజభవనం ఒకటి బయటపడింది. గోడల మీది బొమ్మలు గచ్చుతో సహా రాలిపోయి, చిన్న చిన్న ముక్కలుగా మట్టిలో కలిసి ఉన్నాయి. ఎవాన్స్ చిత్రకారుల్ని పెట్టుకుని ఆ ముక్కల్ని పేర్పించాడు. మధ్యలో ఖాళీలుంటే కొత్తగా బొమ్మ వేయించాడు. అలా తయారైన వాటిలో కుంకుమపువ్వు కోస్తున్న ఓ కుర్రాడి బొమ్మ ఉంది. కుర్రాడి ఒళ్ళంతా నీలం రంగు.

తర్వాతి తరం పరిశోధకులు ఆ ముక్కల్ని మళ్ళీ ముందేసుకుని చూస్తే అది కుర్రాడు కాదు, కోతి అని తేలింది. తోక ఆనవాలు కూడా ఉంది. ఆ కాలపు చిత్రకారులు కోతుల్ని నీలంగానే వేసేవాళ్ళు. సాంటొరీని దీవిలో అక్రోటిరి తవ్వకాల్లో గోడ నిండా నీలి కోతులు ఎగబాకుతున్న చిత్రం దొరికాక ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు.

పొరపాటు పడడం పెద్ద విషయం కాదు. చేతిలో పది ముక్కలుండి, వంద ముక్కల బొమ్మ ఊహించాల్సి వస్తే ఎవరైనా పొరబడతారు. అసలు చిక్కు వేరే ఉంది. బొమ్మ ముందు నిలబడ్డ మనిషికి ఏది పాత గచ్చో, ఏది ఇరవయ్యో శతాబ్దపు కుంచె పనో విడదీసి చెప్పేవాళ్ళు లేకపోతే, అతను కుర్రాణ్ణే చూసి, కుర్రాణ్ణే నమ్మి, ఇంటికెళ్ళి పిల్లలకి ఆ కుర్రాడి గురించే చెబుతాడు.

చరిత్రని, పురావస్తు శాస్త్రాన్ని, కళని సామాన్య పాఠకుడికి, ప్రేక్షకుడికి చెప్పేటప్పుడు ఎదురయ్యే తగువంతా ఇక్కడే ఉంది. గతం ముక్కలుగా దొరుకుతుంది. వినేవాడికి మాత్రం కథ కావాలి. ముక్కల్ని ముక్కలుగానే చూపిస్తే బోర్ కొడుతుంది. కథగా చెప్పాలంటే ఖాళీలు పూరించాలి. ఎంత పూరించాలి, పూరించామని ఎలా చెప్పాలి అన్నదే ప్రశ్న.

ఎవాన్స్‌ని తిట్టడం తేలిక. ఈ రోజు క్నోసోస్ ఫొటోల్లో అందరూ గుర్తుపట్టే ఆ ఎర్రటి స్తంభాలు ఆయన హయాంలో కాంక్రీటుతో కట్టినవే. అసలువి చెక్కవి, ఎప్పుడో పోయాయి. కానీ ఆ కాంక్రీటే లేకపోతే మామూలు సందర్శకుడికి అక్కడ ఏం కనిపించేది? మోకాలెత్తు రాతి గోడలు, గుంటలు. వాటిని చూసి మూడంతస్తుల భవనాన్ని ఊహించుకోవడం నిపుణులకి సాధ్యమవుతుందేమో గానీ మిగతావాళ్ళకి కాదు. కాబట్టి పూరించడమే నేరం అనే వాదన నాకు ఒప్పుదల కాదు. కప్పిపుచ్చడం మాత్రం నేరమే.

దీనికి చిత్రాల మరమ్మతు చేసేవాళ్ళు ఓ చక్కని ఉపాయం కనిపెట్టారు. రోమ్‌లో 1939లో స్థాపించిన కేంద్ర పునరుద్ధరణ సంస్థకి చెజారే బ్రాండి మొదటి డైరెక్టరు. ఆ సంస్థలో వాళ్ళు రూపొందించిన పద్ధతి పేరు ట్రాటెజ్జో. పాత చిత్రంలో రంగు రాలిపోయిన చోట మామూలుగా రంగు పులమకుండా, సన్నటి నిలువు గీతలు పక్కపక్కనే గీసుకుంటూ పోతారు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఆ గీతలు కలిసిపోయి బొమ్మ నిండుగా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే గీతలు విడివిడిగా తేలతాయి. ఇది పాతది కాదు, మేము పెట్టింది అని అవే చెబుతాయి. దూరం నుంచి చూసేవాడికి బొమ్మ చెడదు, దగ్గరికొచ్చినవాడికి అబద్ధం చెప్పినట్టూ కాదు.

1964 నాటి వెనిస్ ఒప్పంద పత్రంలో ఇదే మాట కట్టడాల విషయంలో నియమంగా మారింది. కొత్తగా చేర్చిన భాగం అసలు భాగంతో పొసగాలి, కానీ వేరుగా గుర్తుపట్టేలా ఉండాలి. ఊహ ఎక్కడ మొదలవుతుందో పునరుద్ధరణ అక్కడ ఆగిపోవాలి. గోడలకి, బొమ్మలకి ఇంత పట్టింపు ఉంది. మరి మాటలకి? మ్యూజియంలో వస్తువు పక్కన పెట్టే కార్డు, గైడు చెప్పే కథ, యూట్యూబ్ వీడియో, పత్రికలో వ్యాసం, వీటిలో ఆ నిలువు గీతలు ఎక్కడ?

చాలామంది అనుకునేదేమిటంటే, ప్రతి వాక్యానికీ చివర ‘అయి ఉండవచ్చు’ తగిలిస్తే సరిపోతుందని. సరిపోదు. అన్నిటికీ ‘బహుశా’ పెడితే ఏది గట్టిగా తెలుసో, ఏది గాలి కబురో తేడా తెలియకుండా పోతుంది. దానికన్నా మంచి దారి ఒకటుంది. విషయం ఎలా తెలిసిందో చెప్పడం.

తేదీల సంగతే చూద్దాం. ‘కార్బన్ డేటింగ్ ప్రకారం ఇది 2,450 ఏళ్ళ నాటిది’ అని వార్తల్లో చదువుతుంటాం. ఆ ఒక్క అంకె వెనక చాలా తతంగం ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల తాకిడికి వాతావరణం పై పొరల్లో కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ పుడుతుంది. మొక్కలు దాన్ని గాలి నుంచి తీసుకుంటాయి, మొక్కలు తిని జంతువులు, వాటన్నిటినీ తిని మనుషులు. ప్రాణం పోయాక కొత్తగా చేరడం ఆగిపోతుంది, ఉన్నది మెల్లగా తరుగుతూ పోతుంది. సుమారు 5,730 ఏళ్ళకి సగం అవుతుంది. మిగిలింది ఎంతో కొలిస్తే చనిపోయి ఎన్నేళ్ళయిందో చెప్పొచ్చు. విల్లార్డ్ లిబ్బీ బృందం 1949లో ఈ పద్ధతి పనిచేస్తుందని చూపించింది, 1960లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇంతవరకు బడి పుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాతి భాగమే జనానికి చెప్పరు. గాలిలో కార్బన్-14 ఎప్పుడూ ఒకే పాళ్ళలో లేదు, కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులున్నాయి. అందుకని యంత్రం ఇచ్చిన అంకెని నేరుగా సంవత్సరంగా తీసుకోకూడదు. చెట్ల కాండంలో ఏడాదికొకటి చొప్పున ఏర్పడే వలయాలు ఉన్నాయి కదా, ఏ వలయం ఏ ఏటిదో లెక్కపెట్టి చెప్పొచ్చు. ఆ వలయాల్లోని కార్బన్ కొలిచి, వందల ఏళ్ళ వెనక్కి, వేల ఏళ్ళ వెనక్కి ఒక సవరణ పట్టిక తయారు చేశారు. ప్రయోగశాల అంకెని ఆ పట్టికతో సరిచూసుకున్నాకే అసలు కాలం తెలుస్తుంది. అది కూడా ఒక్క సంవత్సరంగా కాదు, ఒక వ్యవధిగా.

ఈ పట్టికని గీతగా గీస్తే కొన్ని చోట్ల చిత్రమైన మెలికలు కనిపిస్తాయి. సుమారు క్రీ.పూ. 800 నుంచి 400 వరకు గీత దాదాపు బల్లపరుపుగా సాగుతుంది. ఆ నాలుగు వందల ఏళ్ళలో ఎప్పుడు చనిపోయిన చెట్టయినా, జంతువైనా ప్రయోగశాలలో ఇంచుమించు ఒకే అంకె చూపిస్తుంది. పైన చెప్పిన 2,450 సరిగ్గా ఆ గుంటలో పడే అంకె! కాబట్టి ఆ వార్త నిజాయితీగా రాయాలంటే ‘ఈ నాలుగు శతాబ్దాల్లో ఎప్పుడైనా కావచ్చు’ అని రాయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, కొలిచింది చెట్టు చనిపోయిన కాలాన్ని గానీ ఇల్లు కట్టిన కాలాన్ని కాదు. వంద ఏళ్ళ పాత దూలాన్ని తెచ్చి కొత్తింటికి వాడుకున్న మనిషి ఏ కాలంలోనైనా ఉంటాడు. పైగా పెద్ద చెట్టులో లోపలి వలయాలు, చెట్టు కొట్టేనాటికే ఎన్నో ఏళ్ళ కిందట పెరుగుదల ఆగిపోయినవి. ఇదంతా చెబితే పాఠకుడు పారిపోతాడని సంపాదకులు భయపడతారు. నాకు తెలిసి జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. నేరపరిశోధన కథలు జనం ఎగబడి చదివేది హంతకుడి పేరు కోసం మాత్రమే అయితే, చివరి పేజీ ఒక్కటీ అచ్చేస్తే సరిపోయేది.

ఇటలీలోని పొంపేయి నగరం విషయమే తీసుకోండి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఊరిని కప్పేసింది, ఏడాది గురించి తగవు లేదు. రోజు మాత్రం ఆగస్టు 24 అని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. దానికి ఆధారం చిన్న ప్లినీ రాసిన ఉత్తరం. పదిహేడేళ్ళ వయసులో ఆ పేలుడు కళ్ళారా చూసినవాడు, చాలా ఏళ్ళ తర్వాత చరిత్రకారుడు టాసిటస్‌కి రాశాడు. అయితే ఆ అసలు ఉత్తరం ఎవరి దగ్గరా లేదు. మధ్యయుగాల్లో లేఖకులు చేత్తో రాసుకున్న ప్రతులే ఉన్నాయి. రోమన్లు తేదీని ‘ఫలానా నెల మొదటి రోజుకి ఇన్ని రోజుల ముందు’ అని వెనక్కి లెక్కపెట్టేవాళ్ళు. నెల పేరు ఒక్కటి తారుమారైతే చాలు, తేదీ నెలల తరబడి జరిగిపోతుంది. ప్రతులన్నీ ఒకే తేదీ ఇవ్వడం కూడా లేదు.

తవ్వకాల్లోనేమో శరత్కాలపు గుర్తులు కనిపిస్తూ వచ్చాయి. దానిమ్మలు, చలి కాచుకునే కుంపట్లు. ఇవి ఒకపక్కన ఉండగా 2018లో ఓ ఇంటి గోడ మీద బొగ్గుతో గీకిన రాత బయటపడింది. నవంబరు మొదటి తేదీని కూడా కలుపుకుని పదహారు రోజుల ముందు, అంటే మన లెక్కలో అక్టోబరు 17. ఇల్లు మరమ్మతుల్లో ఉంది, పనివాళ్ళలో ఎవరో రాసి ఉంటారు. బొగ్గు రాత ఇట్టే చెరిగిపోతుంది కాబట్టి ఇది పేలుడు జరిగిన ఏటిదే అయి ఉండాలి, అంటే ఆగస్టులో పేలి ఉండే వీల్లేదు అని తవ్వినవాళ్ళ వాదన. కానీ రాతలో సంవత్సరం లేదు. గోడ మీద బొగ్గు ఏడాదిపాటు నిలవదని గట్టిగా అనగలమా అని ఇంకొందరి ప్రశ్న.

‘పొంపేయి తేదీ మారిపోయింది’ అనే శీర్షిక కన్నా ఈ గొడవ ఎంత రుచిగా ఉందో చూడండి. ఒకవైపు పెద్దమనిషి ఉత్తరం, దాన్ని ఎక్కించుకుంటూ వచ్చిన లేఖకుల నిద్రమత్తు. ఇంకోవైపు పేరు తెలియని పనివాడు గోడ మీద గీకిన గీత. ఎవరి మాట నమ్మాలి అనే ప్రశ్నని పాఠకుడి చేతిలో పెడితే అతను అక్కడే కూర్చుని ఆలోచిస్తాడు.

ఒక్కోసారి కొత్త ఆధారం దొరికి మొత్తం కథే మారుతుంది. అప్పుడు పాత కథని ఏం చేయాలి? 1991 సెప్టెంబరులో ఆల్ప్స్ కొండల్లో మంచులోంచి తేలిన ఓట్జీ అనే మనిషి శవాన్ని మొదట ఈమధ్యే చనిపోయిన పర్వతారోహకుడిది అనుకున్నారు. పక్కన దొరికిన రాగి గొడ్డలి చూశాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు. అతను 5,300 ఏళ్ళ కిందటివాడు. చలికి, అలసటకి చనిపోయి ఉంటాడని పదేళ్ళు చెప్పుకున్నారు. 2001లో ఎక్స్‌రేలో ఎడమ భుజంలో చెకుముకి బాణం మొన కనిపించింది. ప్రమాదం కాస్తా హత్య అయ్యింది. 2011లో తయారు చేసిన నిలువెత్తు బొమ్మలో అతనికి జుట్టు, గడ్డం ఉన్నాయి. 2023లో జన్యువుల్ని మరింత వివరంగా చదివితే చర్మం ఆ బొమ్మలో కన్నా బాగా నల్లగా ఉండి ఉంటుందని, తల మీద జుట్టు చాలావరకు ఊడిపోయి ఉంటుందని తేలింది.

ఇలాంటప్పుడు మ్యూజియాలు పాత బొమ్మని గప్‌చుప్‌గా గోదాములోకి పంపేయాలని చూడడం సహజం. నేనైతే పక్కపక్కనే పెట్టమంటాను. ఒకే ఎముకల నుంచి, ఒకే చర్మం నుంచి రెండు మొహాలు ఎలా వచ్చాయో చూపించడానికి అంతకన్నా మంచి పాఠం దొరకదు. లేకపోతే ‘నిన్న ఒకటన్నారు, ఇవాళ ఇంకోటంటున్నారు, వీళ్ళకేమీ తెలీదు’ అనే మాట వస్తుంది. ఎందుకు మారిందో చెప్పనప్పుడు ఆ మాట అన్నవాళ్ళని తప్పుపట్టలేం.

గ్రీకు శిల్పాల రంగుల విషయంలో ఇంకో రకం ఇబ్బంది ఉంది. పాలరాతి తెలుపే గ్రీకు సౌందర్యమని యూరప్ ఎంతగా నమ్మిందంటే, 1930ల చివర బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి శిల్పాల్ని మరింత తెల్లగా కనిపించాలని రాగి పనిముట్లతో గీకించారు. నిజానికి ఆ శిల్పాలకి రంగులుండేవి. ఈజిప్షియన్ నీలం అనే వర్ణద్రవ్యం కంటికి కనపడనంత కొద్దిగా మిగిలినా, దాని మీద మామూలు వెలుతురు పడితే కంటికి కనపడని పరారుణ కాంతి వెదజల్లుతుంది, కెమెరా దాన్ని పట్టేస్తుంది. విన్‌ట్సెంజ్ బ్రింక్‌మాన్ బృందం ఇలాంటి ఆనవాళ్ళని ఆధారం చేసుకుని నకళ్ళకి రంగులేసి 2003లో మ్యూనిక్‌లో ప్రదర్శించింది. చూసినవాళ్ళలో కొందరు బిత్తరపోయారు. ఇంత గాఢమైన, మొరటు రంగులా అని. వాళ్ళ అనుమానంలో కొంత న్యాయముంది. ఏ చోట ఏ రంగు పడిందో ఆనవాళ్ళు చెబుతాయి గానీ, దాని మీద ఎన్ని పూతలు వేశారో, నీడలు ఎలా దిద్దారో చాలాసార్లు చెప్పలేవు. రంగు ఉండేదన్నది ఖాయం. సరిగ్గా ఇలాగే ఉండేదన్నది ప్రతిపాదన. ఈ రెంటినీ ఒకే బరువుతో చెప్పడం వల్ల ఖాయమైనదాన్ని కూడా జనం అనుమానించారు.

చెప్పడంలో తప్పులు ఒక ఎత్తు, అసలు చెప్పకపోవడం ఇంకో ఎత్తు. 1922 నవంబరులో ఈజిప్టులో హోవర్డ్ కార్టర్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ దేశపు పాత రాజు టుటన్‌ఖమూన్ సమాధి కనుక్కున్నాడు. తవ్వకాలకి డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ ఆ వార్తల హక్కుల్ని లండన్‌లోని ‘ది టైమ్స్’ పత్రికకి 5,000 పౌన్లకి అమ్మేశాడు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన విలేకరులు సమాధి బయట ఎండలో నిలబడ్డారు. ఈజిప్టు పత్రికలకి తమ దేశంలో దొరికిన తమ రాజు గురించి లండన్ పత్రిక ద్వారా తెలుసుకోవాల్సిన గతి పట్టింది. రాయడానికి ఏమీ దొరకని విలేకరులకి 1923 ఏప్రిల్‌లో కార్నార్వన్ చావు దొరికింది. దోమకాటు పుండుపడి, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి చనిపోయాడు. ఫారో (పాత ఈజిప్టు రాజు) శాపం అన్నారు. సమాధి మీద శాపం రాసి ఉన్న పలక ఏదీ దొరకలేదు. శాపం ముందుగా తగలాల్సిన కార్టర్ 1939 దాకా బతికాడు. వందేళ్ళయినా శాపం కథ మాత్రం చెక్కుచెదరలేదు. నిజం చెప్పే తలుపు మూసేస్తే పక్క కిటికీలోంచి ఏది దూరుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇప్పుడు కార్టర్ రాసుకున్న వస్తువుల కార్డులు, డైరీలు, హారీ బర్టన్ తీసిన ఫొటోలు ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ సంస్థ ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టింది. ఎవరైనా చూసుకోవచ్చు.

పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారనే వాదన ఎందుకంత జోరుగా నడుస్తుందో కూడా ఇక్కడే ఆలోచించాలి. జనం తెలివితక్కువవాళ్ళని తేల్చేయడం సోమరితనం. ఆ వాదన చేసేవాళ్ళు ‘ఇంత పెద్ద రాళ్ళు ఎలా లేపారో మీరే చెప్పండి’ అని ప్రశ్నతో మొదలుపెడతారు. వినేవాణ్ణి తమతోపాటు కూర్చోబెట్టుకుంటారు. పండితులేమో జవాబుతో మొదలుపెట్టి జవాబుతోనే ముగిస్తారు.

జవాబు లేకనా? ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో 2013లో పియర్ తాలే బృందానికి పపైరస్ (ఒక రకం రెల్లుతో చేసిన కాగితం) చుట్టలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అవే అతి పాతవి. వాటిలో మేరేర్ అనే అధికారి లాగ్‌బుక్ ఉంది. గొప్ప పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు కాలం నాటిది. ఇంచుమించు నలభైమంది మనుషుల్ని వెంటేసుకుని, నైలు తూర్పు ఒడ్డున తూరా గనుల్లో సున్నపురాయి పడవలకెత్తించి గీజాకి చేరవేయడం అతని పని. ఫలానా రోజు తూరాలో రాళ్ళెత్తాం, ఫలానా రోజు బయల్దేరాం, రాత్రి ఫలానా చోట ఆగాం, మర్నాడు గీజా చేరాం. ఇలాగే పేజీలు. పది రోజులకి రెండు మూడు ట్రిప్పులు. చదివితే లారీ ట్రాన్స్‌పోర్టు రిజిస్టరులా ఉంటుంది. ఆ రాళ్ళని పైకి ఎలా చేర్చారో మేరేర్ రాయలేదు, అది అతని డ్యూటీ కాదు. కానీ నాలుగున్నర వేల ఏళ్ళ కిందట ఒక ఉద్యోగి రోజువారీ హాజరు రాసుకున్నాడని చూపించినప్పుడు కలిగే ఆశ్చర్యం ముందు ఎగిరే పళ్ళేలు నిలవవు. దాన్ని ప్రశ్నతో మొదలుపెట్టి చెప్పాలి, అంతే.

ఈ మధ్య వచ్చిన ఒక వార్తని ఇదే దృష్టితో చదివి చూడండి. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ నడుమ పడి ఉన్న ఆరు టన్నుల ఇసుకరాయిని ఆల్టర్ స్టోన్ అంటారు. వందేళ్ళుగా అది వేల్స్ నుంచి వచ్చిందనుకున్నారు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం అది ఈశాన్య స్కాట్లండ్ నుంచి, కనీసం 750 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిందని చెప్పింది. రాతిలో ఉన్న జిర్కాన్, అపటైట్, రూటైల్ అనే ఖనిజాల రేణువుల వయసుల్ని కొలిచి, ఏ ప్రాంతపు రాళ్ళతో ఆ వయసులు సరిపోతున్నాయో పోల్చారు. ఇక్కడిదాకా కొలత. మనుషులే దాన్ని తెచ్చారన్నది, దారిలో కొండలు, అడవులు అడ్డం కాబట్టి సముద్రం మీదుగా తెచ్చి ఉంటారన్నది ఆ కొలత మీద నిలబెట్టిన ఊహ. సముద్రం దారి గురించి ఆ పరిశోధకులు కూడా సాధ్యమని అన్నారే తప్ప రుజువైందని అనలేదు. అందుకే ఈ వార్తకి రాళ్ళు నింపుకుని తెరచాప ఎత్తిన పడవ బొమ్మ వేసేటప్పుడు, దాని కింద ‘చిత్రకారుడి ఊహ’ అని రాయడం సంపాదకుడికి అరక్షణం పని.